ధార

ముప్పై ఎనిమిదేళ్ళు
హిహోన్ రేవు వెనక సందులో
యాపిల్ కల్లు వంచాను.
సీసా తలకి పైన, గ్లాసు తొడ పక్కన, కళ్ళు ఎటో.
ధార తప్పేది కాదు.
నేలమీది రంపపు పొట్టు తడిసేదంటారా,
అది వేరే లెక్క, ఆచారం.

ఇప్పుడు తుమ్మొస్తే
కాలు మీద కాలు వేసుకుంటాను.

గొట్టం తీసిన రోజు నర్సు ఓ సంచీడు ప్యాడ్లిచ్చి
"తూకం వేసి రాయండి" అంది.
పిండి తూచే కాటా మీద నా తడి
నాలుగొందల పది గ్రాములు.
రెమెదియోస్ ఆ కాటా నాకే వదిలేసి
మాట్లాడకుండా ఇంకోటి కొనుక్కొచ్చింది.

అల్దారా, మనవరాలి ఈడు పిల్ల,
నీలం చాప మీద పడుకోబెట్టి
మొహమాటం లేకుండా చెప్పింది:
"తాబేలు తల లోపలికి లాక్కున్నట్టు.
అంతే. పిరుదులు కాదు. పొట్ట కాదు.
పిడికిళ్ళెందుకు బిగిస్తారు, బెలార్మినో?
ఊపిరి వదలండి. మొహం కూడా."

తెర మీద బూడిదరంగు మసకలో
ఏదో ఇంత కదిలింది.
"చూశారా, అది మీరే."
అరవై ఏడేళ్ళుగా నన్ను మోస్తున్నవాణ్ణి
అప్పుడే చూడటం.

ఐదు అంకెలు పట్టు, పది అంకెలు వదులు.
బస్టాపులో, మంగలి కుర్చీలో, ఫాదర్ ప్రసంగం మధ్యలో
ఎవరికీ కనబడని కూలి చేస్తుంటాను.
లేచేముందు బిగించు. దగ్గేముందు బిగించు.
నవ్వు చెప్పి రాదుగా, అన్నాను.
ఆమె నవ్వింది. నేనూ నవ్వాను.
చాప తడిసింది.
తువ్వాలు అందించింది,
గ్లాసు అందించినంత మామూలుగా.

బయట బెంచీ మీద అందరూ మగవాళ్ళే.
చేపల ధర మాట్లాడతారు, ఫుట్‌బాల్ మాట్లాడతారు.
టోపీ ఒళ్ళో పెట్టుకున్న కొత్తాయన
కాసేపు నీళ్ళు నమిలి అడిగాడు: "మీది ఎంత?"
"అరవై" అన్నాను, పరీక్ష పాసైనవాడిలా.
"నాది ఆరొందలు."
టోపీ తిరగేసి అస్తరు చూసుకున్నాడు.
మూడో నెలలో నాదీ అంతే ఉండేదని అబద్ధమాడాను.

నిన్న అల్లుడి కొట్లో సీసా ఎత్తబోయి ఆగాను.
ముందు కింద బిగించి, ఆ తర్వాతే చెయ్యి.
సగం బయట ఒలికింది.
కల్లే లెండి.

పక్క మీది సంగతికి కాటా లేదు.
డాక్టరు "ఓపిక పట్టండి" అన్నాడు,
మేం పడుతున్నాం.
చీకట్లో రెమెదియోస్ నా వెన్ను మీద చెయ్యేసి
"లెక్కపెడుతున్నావా?" అంటుంది.
"నాలుగు" అంటాను.
తను కూడా ఊపిరి బిగబట్టి ఉంటుంది, పిచ్చిది.
వదులు, అంటాను. వదలాలి కూడా.