పడవ రంగు

కర్టెన్లు వేశాం. లైట్లు ఆపేశాం.
హానుస్ తన ఎర్ర స్వెటర్ కూడా విప్పేశాడు,
దాని చాయ తెర మీద పడుతుందని.
బయట టోర్స్‌హావన్ రేవు మీద
పొద్దుటినుంచి ఏడు రకాల వెలుతురు మారింది.
లోపల మాకు ఒక్కటే కావాలి,
ఆరువేల అయిదువందల డిగ్రీల తెలుపు.

మూడు వారాల గొడవ ఇది.
నేను సరిచేసి పంపిన నీలాన్ని
క్లాక్స్‌విక్‌లో కూర్చుని అతను మళ్ళీ సరిచేస్తాడు.
అతని ఒప్పు
నా ఇంటికొచ్చేసరికి తప్పై దిగుతుంది.
ఆఖరికి ఇవాళ
తన కంప్యూటర్ని వెనకసీట్లో కూర్చోబెట్టి
పసిపిల్లకి కట్టినట్టు బెల్టు కట్టి
సముద్రం అడుగున రెండు సొరంగాలు దాటించి తెచ్చాడు.

నాది ఏడేళ్ళది.
తెల్లకాగితం చూపించమంటే
మజ్జిగలో చిటికెడు పసుపు కలిపి చూపిస్తుంది.
అతనిది మొన్ననే ఓడ దిగింది.
దానికి తెలుపంటే
నీలిమందు ఎక్కువైన దుప్పటి.
రెండింట్లోనూ అదే ఫోటో, యాకుప్ పడవ.
ఇక్కడ నాచు పట్టిన నీలం,
అక్కడ నెమలికంఠం.

కొలిచే పరికరం గుప్పిట్లో పట్టే నల్లబిళ్ళ.
తెర నడుమ వేలాడదీస్తే
బల్లిలా కరుచుకుంది.
దాని పొట్ట కింద ఎరుపు వెలిగింది, ఆకుపచ్చ, నీలం,
తర్వాత బూడిదలు,
ఎన్ని బూడిదలో!
కుంపట్లో తెల్లారిన బూడిద,
వాన ఇంకా నిర్ణయించుకోని మబ్బు,
పెన్సిలు రుద్దిన వేలికొస,
గొర్రె వీపు, తడిసిన గొర్రె వీపు.
ఇది పలికే బల్లి కాదు.
అంకెలు రాసుకుంటూ పోయింది.

కొత్తదాని మిడిసిపాటు తగ్గించాం,
నూట ఇరవై కాండెలాలకి.
పాతది నూటపది దగ్గరే ఆయాసపడింది.
పెద్దదాన్ని లేపలేక
చిన్నదాన్నే ఇంకో పది మెట్లు దించాం.
హానుస్ కొంచెం నొచ్చుకున్నాడు,
బోలెడు డబ్బు పోశాడు కదా ఆ వెలుగుకి.

సాయంత్రానికి రెండు పడవలూ ఒకే నీటిలో నిలబడ్డాయి.
తేడా ఒకటిన్నర లోపే.
"మనిషి కంటికి ఆనదు రన్వా" అన్నాడు.
"ఏ మనిషి కంటికి?"

నవ్వాడు.
పోయిన నెలే ఎడమకంటి శుక్లం తీయించుకున్నాడు.
ఒక కన్ను మూసి చూశాడు,
అది తెరిచి రెండోది మూశాడు.
"ఎడమకంట నీలం.
కుడికంట టీ ఒలికిన నీలం.
ఇన్నేళ్ళూ జనం పెళ్ళిళ్ళన్నీ
ఈ టీలోంచే తీసి ఇచ్చానన్నమాట,
ఒక్కరూ అడగలేదు."
నల్లబిళ్ళని తెర మీంచి ఊడదీసి
కుడిరెప్పకి ఆనించుకున్నాడు.
చల్లగా ఉంది, అంతే, అన్నాడు.

ప్రింటు తీశాం. మంచి కాగితం మీద, ఒక్కటే.
పడవ పక్కన పెట్టి చూద్దామని
సిరా సరిగ్గా ఆరకముందే రేవుకి పరుగెత్తాం.

యాకుప్ స్టూలెక్కి ఉన్నాడు, చేతిలో కుంచె.
మా అల్లుడు తలుపులకి వేయగా
సగం డబ్బా మిగిలింది,
పారబోస్తే పాపం కదా, అన్నాడు.
పడవ ముక్కునుంచి నడుముదాకా
చిలకపచ్చ,
ఇంకా కారుతోంది.

హానుస్ ప్రింటు ఎత్తి పట్టుకున్నాడు,
ఎవరికి చూపించాలో తెలియనట్టు.
యాకుప్ దిగొచ్చి, కళ్ళు చికిలించి,
ఇది నాది కాదే, అన్నాడు.
కాసేపాగి, నాదే, అన్నాడు.
"బావుండేది."
అతని బొటనవేలు కాగితం అంచున
తడిపచ్చగా దిగింది.

చినుకులు మొదలయ్యాయి.
ప్రింటుని చొక్కాలోకి దోపుకుంటుంటే
హానుస్ పళ్ళు టకటక కొట్టుకున్నాయి.
ఎర్ర స్వెటర్
కర్టెన్లు వేసిన గదిలో
కుర్చీ మీదే ఉండిపోయింది.