జేబులున్న కిల్టు

"అక్కా, దీన్ని పెండ్లికి తొడగొచ్చా?"
కౌంటరు మీద పరిచి అడిగిండు ఆరోగ్యం.
ఖాకీ కిల్టు. మోకాళ్ళ కాడ రంగు పోయింది.
పక్కలకు సంచుల్లెక్క రెండు జేబులు,
నాలుగు ఇత్తడి గుండీలల్ల ఒకటి లేదు.
జేబుల చెయ్యి పెట్టి ఖాళీ చేసిండు:
బస్సు టికెటు, పీపాకు పెట్టే రెల్లుపుల్ల,
సగం కొరికిన పల్లిపట్టి.

రోజూ పొద్దుగాల బోయినపల్లి మైదానంల
సంకన తిత్తి ఇరికించుకొని
సాధన చేసేటప్పుడు తొడిగేది ఇదే.
ఎర్రగళ్ళ ఉన్నిది బ్యాండు ఓనరుది;
కిరాయి పెండ్లికైతేనే బీరువా తెరుస్తడు.
ఇది కిరాయి కాదు.
చెల్లె సువార్త పెండ్లి.

నేను జవాబు చెప్పలే.
నోట్లె సూది ఉన్నది.

మా నాయిన ఈ రెజిమెంటల్ బజార్లనే
పటాలం బ్యాండుకు కుట్టెటోడు.
మనిషికి ఎనిమిది గజాల ఉన్ని.
గడి మీద గడి కూసోవాలె,
నడిస్తే విచ్చుకోవాలె, ఆగితే మూసుకోవాలె,
లెక్క తప్పితే తెల్లారేదాంక విప్పుడే.
కుట్టినంతసేపు ఆయన నడుముకు
నీలిగళ్ళ లుంగీ.
కొలతలియ్య వచ్చిన అఫ్సరొకడు నవ్విండట.
"సాబ్, మీది కుచ్చుల లుంగీ,
నాది కుచ్చులు పెట్టని కిల్టు" అన్నడట నాయిన.
అన్నడో లేదో. అమ్మ చెప్పేది.

గోడ మీది ఫోటోల మాత్రం
నల్లకోటు, టై, పాపిట తీసిన తల.
గిరాకీలు చూసి "మీ నాయిన దొర లెక్కున్నడు" అంటరు.
ఆ కోటు తెల్లారి ఇయ్యాల్సిన గిరాకీది.
ఫోటో నడుము దాకనే.
కింద లుంగీయే, మోకాళ్ళ మీదికి మడిచి.
నాకెట్ల ఎరుకంటే
పక్కన కుర్చీ పట్టుకొని నిలబడ్డది నేను,
ఆరేండ్ల దాన్ని, ఫోటోల పడలే.

సూది తీసి అడిగిన:
"ఎన్ని దినాలున్నది?"
"మూడు."

ముందుగాల జేబులు విప్పిన.
విప్పినకాడ రెండు చదరాలు,
ఎండ తగలని కొత్త ఖాకీ,
చుట్టూ ఉన్నది తెల్లబోయిన పాతది.
తీసేసిన జేబులే ఎక్కువ కనబడుతున్నయి.
"నల్లరంగుల ముంచుదమా?"
"వద్దక్కా. దూరం నుంచి ఈ ఖాకీ కనబడితేనే
మా సువార్త పొయ్యి మీద అన్నం పెడ్తది."

ఇగ ఏం చేస్త.
కుచ్చు కుచ్చుకు కచ్చకుట్లు వేసి,
తడిబట్ట పరిచి, బొగ్గుల ఇస్త్రీ
లేపుడు, మోపుడు, లేపుడు, మోపుడు;
గుంజొద్దు, గుంజితే బట్ట అబద్ధం చెప్తది.
ఇత్తడికి చింతపండు.
పాత సూటు ముక్కలల్ల నుంచి పొట్టి నల్లకోటు.
మేజోళ్ళు ఫుట్‌బాల్ ఆటగాళ్ళవి,
చారలు లోపటికి మడిస్తే తెల్వదు.

శనివారం చర్చి మెట్ల కాడ
పెండ్లికొడుకు మేనమామ
ఆరోగ్యాన్ని మీది నుంచి కిందికి చూసిండు,
కింద జర ఎక్కువసేపు.
ఆరోగ్యం తిత్తి నింపుకుంటున్నడు,
బుగ్గలు ఉబ్బినయి, మెడల నరం లేచింది.
మొదటి స్వరం పిల్లి అరుపు లెక్క జారింది,
ఎవరో పిలగాడు కిసుక్కుమన్నడు.
రెండోది నిలబడ్డది.
వాడు అడుగేసిండు. కుచ్చులు విచ్చుకున్నయి.
ఆగిండు. మూసుకున్నయి.
తెల్ల ముసుగుల సువార్త
ముందుకు చూడాల్సింది పోయి
పక్కకే చూస్తున్నది,
ఆ ముదురు చదరాల దిక్కు.

సోమవారం షట్టరు సగం లేపంగనే వచ్చిండు.
"అక్కా, జేబులు మళ్ళ కుట్టు.
పుల్ల పెట్టుకునే జాగ లేదు."
గుండీల డబ్బల దాసిన జేబులు తీస్తే
ఒకదానికి చీమలు పట్టినయి,
మూలకు ఇరుక్కున్న
పల్లిపట్టి పలుకు కోసం.