మోరీ అనే మాట

ఫిల్మును వెలుతురుకెత్తి డాక్టరమ్మ
తెల్లమచ్చ చూపెట్టింది.
ఆగమయ్య కండ్లద్దాలు సర్దుకొని
"మన వార్డు మ్యాపే గదరా ఇది,
గీడ మూలమలుపు, గిది ట్రాన్స్‌ఫార్మర్ గల్లీ" అన్నడు.
ఆమె నవ్వలే.
నేను నవ్విన. అదింకా గుచ్చుకుంటది.

అప్పటిసంది మాటలు ఒక్కొక్కటే
చెప్పాపెట్టకుండ ఇల్లు ఖాళీ చేస్తున్నయి.
మొదలు నల్లా పోయింది.
రెండు దినాలు "నీళ్ల ముక్కు" అన్నడు.
ఆ తర్వాత నా పేరు.
పదకొండేండ్లు నా వెనకసీటు మీద కూసున్న మనిషి
ఇప్పుడు నన్ను "బండీ" అని పిలుస్తడు.
పలుకుతున్న.

పొద్దుగాల రెడ్‌హిల్స్ దవాఖానల కరెంటు.
మొఖానికి జాలీ ముసుగు బిగించి
బల్లకు కట్టేస్తరు.
చెంపల మీద గళ్లతోనే బయటికొస్తడు,
వరుసల కూసున్నోళ్లు చుట్టుముడుతరు.
జహీరాబాదు ముసలామెకు పింఛను ఆగిందట.
"నువ్వు మా వార్డు కాదు గదమ్మా" అంటనే
కాయితం తీస్కుంటడు.

సంతకం సక్కగనే మొదలైతది,
అంచు దిగి బల్ల మీదికి పోతది.
కలుస్తలేదని ఆఫీసోళ్లు తిప్పి పంపిండ్రు.
మల్ల పెట్టిండు. అదీ కలువలే.
మూడోది నేను పెట్టిన.
ఈ సంగతి ఎవ్వరికీ చెప్పకుండ్రి.

నిన్న కౌన్సిల్ మీటింగు.
మూడు వానలకు మూడుసార్లు పొంగి
కుమ్మరిబస్తీ వంటింట్ల దాక వచ్చినదాని గురించి
లేచి నిలబడ్డడు.
"అధ్యక్షా, మా బస్తీల..."
ఆగిండు.
చెయ్యి గాలిల గుంత తవ్వుతున్నది.
"నల్లగ... కింద పారేది... వాసన..."
ఎవరో దగ్గిండ్రు.
ఆ మాట నా నోట్లనే ఉన్నది,
గ్యాలరీల కూసున్నోడు నోరు తెరవొద్దు.

అవతలి బెంచీ మీద రఫత్ బేగం,
కిందటి నెల ఆయన మైకు గుంజుకున్నామె,
లేవకుండనే అన్నది:
"మోరీ. మోరీ అంటున్నరు. రాస్కోండ్రి."

రాత్రి పదింటికి కుమ్మరిబస్తీల మిషను దిగింది.
టోపీ కింద కుట్ల జాడ,
ఇటుక పెళ్ల మీద కూసొని చూస్తున్నడు.
"బండీ, దీన్నేమంటరు?"
చెప్పిన.
రెండుసార్లు నమిలిండు ఆ మాటను.
"రేపు మల్ల అడుగుత, యాదుంచుకో."

పోయేటప్పుడు మూత మీద కాలుపెట్టి ఊపిండు.
కదిలింది.
మల్ల ఎత్తించిండు.