కితాబు, వితాబు

మ్వనాషా ఫకీ గడియారం
ఎప్పుడూ ఆరు గంటలు వెనక.
పాడై కాదు.
వాళ్ళ దీవిలో లెక్క పొద్దుపొడుపు నుంచి.
మనకి ఏడైతే ఆమెకి ఒకటి.
మా తాతమ్మ జాములు లెక్కపెట్టినట్టే, అన్నాను.
"అయితే ఈ స్వాన్సీ ఊళ్ళో
మనిద్దరమే సరైన టైములో ఉన్నాం" అంది.
కిటికీ బయట డిసెంబరు.
ఆమె ఒంటిగంట దాటినా ఇంకా చిమ్మచీకటి.

నేను లైబ్రరీ నేలమాళిగలో పుస్తకాలు కుట్టేదాన్ని.
ఆమె మూడో అంతస్తులో స్వాహిలీ చెప్పేది,
మంచి సంవత్సరమైతే ఆరుగురికి,
చెడ్డ సంవత్సరం ఒక్కడికే.
మొంబాసా పిల్లని ప్రేమించిన
ఒక రగ్బీ కుర్రాడికి.

నవలలు నాలుగు.
అన్నీ దార్ ఎస్ సలాంలో అచ్చు,
బెల్లం పొట్లం కట్టే కాగితం మీద.
ఒక్కొక్కటే తెచ్చి నా బల్ల మీద పెట్టేది
జ్వరమొచ్చిన పిల్లని దించినట్టు.
జిగురు రాసి, అట్ట వేసి,
దారం బిగించి పంపేదాన్ని.

ఏటా ఒక ఫారం వచ్చేది.
ఈ సంవత్సరం ఏం సాధించారు?
ఇంగ్లీషు వ్యాసానికి గడి ఉంది.
సదస్సుకి గడి ఉంది.
నవలకి: "ఇతరములు".
మోకాటి లోతు నీళ్ళలో ఇనుప ఊచ పట్టి
ఆక్టోపస్ కోసం రాళ్ళ సందులు పొడిచే ఆడవాళ్ళు,
పదకొండేళ్ళు రాసిన ఆడవాళ్ళందరూ,
ఆ బెత్తెడు గడిలో ఒదిగి కూర్చునేవాళ్ళు.
ప్రొఫెసర్ కాలేదు.
ఆ మాట నాకు చెప్పింది ఆమె కాదు, ఐర్లిస్.

ఐర్లిస్ ఆఫీసు గుమస్తా.
ఇంట్లో వెల్ష్, మెట్లు దిగితే ఇంగ్లీషు.
వాళ్ళ నాయనమ్మ పెన్‌క్లౌధ్‌లో
గాడిద మీద గోనెసంచులేసుకుని
ఆటు వేళ ఇసుక గీకి గుల్లలు ఏరేదిట.
అది విన్న రోజున మ్వనాషా క్లాసు రద్దు చేసింది.
ఇద్దరూ బస్సెక్కి వెళ్ళి
బురదలో చెరో చెప్పూ పోగొట్టుకుని వచ్చారు.
ఐదో నవల అక్కడే మొదలైందంటుంది ఐర్లిస్.
ఆమె ఏనాడూ ఔననలేదు.

ఒకసారి అడిగాను,
మీరు పుస్తకాన్ని ఏమంటారని.
కితాబు.
నవ్వొచ్చింది. మాకది మెచ్చుకోలు,
ఎవరైనా ఇస్తే పుచ్చుకునేది.
"మేమూ అరబ్బుల దగ్గర పుచ్చుకున్నదే.
కానీ మావాళ్ళు మొదటి అక్షరం చూశారు.
'కి' అంటే మాకు ఒక వస్తువు.
ఇది మా ఇంటి మాటే అనుకున్నారు.
ఒకటైతే కితాబు, పదైతే వితాబు.
అరబ్బీవాడు వింటే నెత్తి కొట్టుకుంటాడు.
పరాయిదాన్ని సొంతం చేసుకోవడమంటే ఏముంది,
దానికి తెలియకుండా
దానికో బహువచనం తగిలించడం."

రిటైరైన వారం అట్టపెట్టెలు కిందికి దిగాయి.
ఆమె మొదటి నవల తిరగేసింది.
వెనక తేదీల కాగితం,
ఇరవై రెండేళ్ళకి నాలుగు ముద్రలు.
"మూడు నావే. నాలుగోది ఎవరు?"
నేనే.
"నీకు రాదుగా!"
రాదు.
కానీ కలం ఉంది, కలాముగా.
కబురు ఉంది, హబారిగా.
దుకాణం ఉంది, తోక తెగి దూకాగా.
మూడువందల పేజీలకి పదకొండు మాటలు
కాలికి తగిలినవి తగిలినట్టు ఏరుకున్నాను.
మిగతాదంతా నీళ్ళు.

ఆమె ఏమీ అనలేదు.
కలం తీసి మొదటి పేజీలో ఏదో రాయసాగింది.
లైబ్రరీ పుస్తకం. రాయకూడదు.
నేను చూడనట్టు గడియారాలు చూశాను.
నాది ఐదు, ఆమెది పదకొండు.
నేలమాళిగకి కిటికీ లేదు.
బయట ఆటో, పోటో.