వెనక డోరు

ఆటోనగర్ నాలుగో క్రాసులో
మా షెడ్డు ముందు రెండు బళ్ళు ఆపించి
పోపూరి శేషగిరి గారు అడిగారు:
"కాలేషా, రెంటిలో ఏది గట్టిది?"

గుంటూరు మిర్చి యార్డులో ఆయనకి కొట్టుంది.
టిక్కీ విప్పకుండా, గోనె మీద చెయ్యేసి
కాయలో తేమెంతో చెప్పే మనిషి.
ఇనుము దగ్గరికొస్తే మాత్రం నన్నే అడుగుతారు.

నా ఎడం చెవి పోయి పదేళ్ళు.
సుత్తి తినేసింది.
డోరు చప్పుడు ఇప్పుడు అరచేత్తో వింటాను.

ముందు నల్ల సెడాను.
వేశాను. నిండు బియ్యం బస్తా
నేలమీద కూర్చున్నట్టు
ఒక్కసారి ఊపిరి వదిలి ఊరుకుంది.
తర్వాత తెల్ల ఎస్‌యూవీ. దీనిదీ బరువైన చప్పుడే.
చివర్న మాత్రం చిన్న వణుకు,
గ్లాసు కింద పెట్టాక కూడా
చెంచా ఇంకా ఏదో చెబుతున్నట్టు.

"నడిపి చూడు" అన్నారు.
ఏసుపాదాన్ని పక్కన ఎక్కించుకున్నాను,
పనిలో చేరి ఆర్నెల్లు కాలేదు వాడికి.

సెడాను ఎక్కడం ఉండదు, దిగడమే,
పంట కాలవలోకి నడుం దాకా దిగినట్టు.
బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ మీద
అతుకు అతుకూ స్టీరింగులోంచి
పేరు చెప్పి పోయింది.
వంపులో ఒళ్ళు ఒరగలేదు, చొక్కాకి కుట్టిన గుండీ అది.
వారధి మీద తొంభైలో పోతున్నా
కృష్ణ గాలి అద్దం బయటే ఆగింది.
తాడేపల్లి సందులో స్పీడు బ్రేకరు మటుకు
కడుపు గీకేసింది.
ఆ మాట నా నడుమూ ఒప్పుకుంది.

ఎస్‌యూవీ వేరు.
మేడ మీద కుర్చీ వేసుకుని బజారు చూడటం.
ఆటోలు, తోపుడుబళ్ళు, హెల్మెట్ లేని కుర్రాళ్ళు
అందరూ కిందే.
ట్రాఫిక్ పోలీసు టోపీ నడినెత్తి
ఏసుపాదం ఇవాళే చూశాడు.
గుంతలు మింగుతుంది, రుచి చెప్పదు.
మలుపులో తలమీద మూటున్న మనిషి లాంటిది,
ముందు తను తిరుగుతుంది, తర్వాత మూట.
ఇంకొకటి. చేతులు వదిలితే
ఎడమకి లాగుతోంది.
బియ్యపు గింజంత.

షెడ్డుకొచ్చి అయస్కాంతం తీశాను,
పాత స్పీకరులోది, మా నాన్న వాడినది.
బానెట్టు మీంచి జారింది. అది అల్యూమినియం, జారాలి.
ముందు డోరుని పట్టుకుంది.
వెనక డోరు దగ్గర, చక్రం పైన వంపులో,
రాలి నా చెప్పుమీద పడింది.

రబ్బరు బీడింగు లాగి వేలు పెట్టాను.
లోపలి అంచున సుత్తి గుర్తులు,
మూడేసి మూడేసి, మూడోది కొంచెం ఓరగా.
అలా కొట్టేవాణ్ణి
నాకు యాభై ఏళ్ళుగా తెలుసు.

బుడమేరు పొంగిన ఏడు.
హనుమాన్ జంక్షన్ దగ్గర లారీకి తగిలిన బండి,
ఒక బ్రోకరు లాక్కొచ్చాడు.
వెనక సీట్లో గాజుపెంకుల మధ్య
చిన్నపిల్ల చెప్పు ఒకటి.
"అవన్నీ నీకెందుకు, గీత కనపడకూడదంతే."
పదకొండు రోజులు పట్టింది.
ఆ తెలుపు నేనే కలిపాను, చిటికెడు నీలం వేసి.
నా చేతిలో అంత బాగా
మరే డోరూ కుదరలేదు.

శేషగిరి గారు నవ్వుతూ వచ్చారు.
"సెకండ్ హ్యాండే గానీ ఒక్క దెబ్బా లేదంట,
కాగితం కూడా రాసిచ్చారు.
ఆ లాగుడు రోడ్డుదిలే.
మనవరాల్ని బడికి దింపడానికి
దీన్నే ఉంచుదామనుకుంటున్నా."

ఏసుపాదం నా మొహం చూస్తున్నాడు.
పని నేర్చుకునేవాడు
సుత్తి ఒక్కదాన్నే చూడడు.

అయస్కాంతం ఆయన చేతిలో పెట్టాను.
"గోనె మీద చెయ్యేసి చెబుతారే, అలాగే.
ముందు డోరు నుంచి మొదలెట్టండి.
ఎక్కడ జారితే అక్కడ ఆగి
నన్ను పిలవండి.
కుడి చెవి వైపు నుంచి పిలవండి.
ఇక్కడే ఉంటాను."