ఐదో రోజు

ఏం పనమ్మా నీదంటే
పురుగుల్ని మేపుతానని చెప్తా.
నవ్వుతారు.
అబద్ధమేం కాదు.
నెల్లూరు కడుక్కుని పారబోసిందంతా
పెన్న ఒడ్డున మా తొట్లకొస్తుంది.
కంటికానని కోట్ల నోళ్లు దాన్ని తిని నీళ్లని వదులుతాయి.
వాటికి కావాల్సింది గాలి.
ఆ గాలి ఆగకుండా చూడ్డమే నా జీతం.

నీళ్లని చూసి ఊరి సంగతి చెప్పగలను.
పొద్దున ఆరుంపావుకి స్నానాల వరద.
ఆదివారం పదకొండుకి నూనె తెట్టు, చింతపండు వాసన.
ఎవరింట్లో కొరమీను, ఎవరింట్లో బొమ్మిడాయిలు,
అదొక్కటే చెప్పలేను.
రొట్టెల పండగ వారం మీటరు ముల్లు కుదురుగా నిలవదు.
రాత్రి మూడింటికి
ఊరు నిద్రపోయిందని పైపు చెప్తుంది, సన్నగా.

జాలీ దగ్గర పోలయ్య మామ.
పళ్లకర్రతో లాగుతాడు
షాంపూ కవర్లు, పాతగుడ్డలు, ఒంటికాలి పట్టీ.
ఒకసారి ప్లాస్టిక్ కవర్లో పదో తరగతి హాల్‌టికెట్టు,
ఫోటోలో పిల్ల మొహం ఇంకా తడవలేదు.
ఒకప్పుడు వీటి కోసమే మామ
నడుముకి తాడు కట్టుకుని గుంటలో దిగేవాడు.
ఒకరోజు తమ్ముడి వంతు.
తాడు బరువుగా వచ్చింది.
ఇప్పుడు గట్టు మీద నిలబడి లాగుతాడు.
"అంతే తేడా" అంటాడు. మళ్లీ తనే,
"అది చిన్న తేడా కాదులే."

మొన్న కార్తీకంలో వాయుగుండం.
సోమశిల గేట్లెత్తారని ఫోను.
ఏడాదంతా ఇసకగా పడుండే ఏరు
ఎర్రగా లేచి కూర్చుంది.
ఒంటిగంటకి కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
రిజిస్టర్లో ఇన్నూరు లీటర్ల డీజిలు,
డ్రమ్ములో బెత్తెడు.
బ్లోయర్లు ఆగాక
తొట్టిలో బుడగలు ఒక్కొక్కటే తగ్గాయి.
టార్చి వేసి చూస్తున్నా.
తర్వాత రాలేదు.

ఊరు మాత్రం ఆగదు గదా.
వస్తానే ఉండాది, వాననీ కలుపుకుని,
మొదటి తొట్టి అంచుదాకా.
ఫోన్లో సూపర్‌వైజరు:
"బైపాసెత్తు మే నజీరా.
ఈ వరదలో ఎవడు చూస్తాడు,
పోయేది సముద్రానికే గదా."
నేను మామని చూశా.
మామ ఏటిని చూశాడు.
ఇద్దరం కలిసే తిప్పాం చక్రం, పదిహేడు చుట్లు.
ఎర్రనీళ్లలోకి ఒక నల్లటి నాలుక.
పెన్న ఏమీ అనలేదు.
అనుంటే బాగుండేది.

లాగ్‌బుక్కులో రాశా.
బైపాస్, రెండూ పది నుంచి నాలుగూ నలభై.
కింద నా సంతకం.
తెల్లారి సారొచ్చి ఆ పేజీ మీద అరచెయ్యి ఆన్చి
"ఇది మళ్లీ కొత్తగా రాయచ్చుగా తల్లీ" అన్నాడు.
"ఇంకు ఇంకిపోయింది సార్" అన్నా.
చెయ్యి తీసేదాకా అక్కడే నిలబడ్డా.

తొట్లో ఘోరమైన కంపు.
మామ రెండు బక్కెట్ల పేడనీళ్లు తెచ్చి పోశాడు,
పాలకి తోడుపెట్టినట్టు.
మూడోనాటికి నురగ విరిగి
మట్టిరంగు తిరిగొచ్చింది.

ఆ రాత్రే దిగువన ఒక సీసా నీళ్లు పట్టా.
ఇరవై డిగ్రీల చీకటిపెట్టెలో
ఐదు రోజులుండాలి అది.
తొందరపెడితే నిజం చెప్పదు.
నీళ్లలో ఎంత ఊపిరి మిగిలిందో
అప్పుడు లెక్క తేలుతుంది.

ఐదో రోజు మామ తలుపు పట్టుకుని
"ఎంతొచ్చింది?" అన్నాడు.
చెప్పా.
అంకెలు రాని మనిషి,
కాసేపు తన వేళ్లనే చూసుకున్నాడు.

"మా యమ్మ ఆ రేవులోనే
వల ఆరేసుకుని
ముంత ముంచి తాగేది" అన్నాడు.