గుడ్లదొంగ

నిచ్చెన మీద మూడో మెట్టు. చేతిలో కిరసనాయిలు గుడ్డ.
దలన్‌జద్‌గద్ మ్యూజియం వెనక గోడ.
నలభై ఏళ్ల కిందట నేనే పూసిన ఆకుపచ్చని
ఇవాళ నేనే గోకుతున్నాను.

ఆ పచ్చ ఏ ఎముకా చెప్పింది కాదు,
లారీ డిపోలో మిగిలిన పెయింటు.
పొలుసులు తోచినట్టు వేశాను, తోక నేలమీద ఈడ్చాను,
నోట్లో ఒక గుడ్డు, కళ్లలో దొంగచూపు.
డైరెక్టరు అడిగాడని పక్కన
దుడ్డుకర్ర పట్టిన మనిషినొకణ్ణి నిలబెట్టాను.
వాళ్లిద్దరి మధ్య ఏడుకోట్ల ఏళ్లట.
నా గోడ మీద మూడు జానలు.

సార్నై, ఎముకలు చదువుకుని వచ్చిన పిల్ల,
కింద నిచ్చెన పట్టుకుని చెబుతోంది:
"తాతా, తోక పైకి లేపు. ఈకలు వెయ్యి.
ఆ గుడ్లు ఎవరివో కావు, దానివే.
అలాంటి గుడ్డొకటి పగిలి దొరికితే
లోపల ముడుచుకుని ఉన్నది దాని జాతి పిల్లే.
ఇసుక మీద పడుతున్నా చేతులు చాపి
పొదుగుతూ ఉండిపోయింది."

నింద లేనిదే బొంది పోదంటారు.
దీనికి బొంది పోయిన ఇన్ని కోట్ల ఏళ్లకు
తీరిగ్గా వచ్చింది నింద.

నేనేం మాట్లాడలేదు. బ్రష్షు కడిగాను.

మా అమ్మ దుల్మా
మంచుతుఫాను మూడోరోజున దొరికింది.
బోర్లా పడి ఉంది. చలికోటు కింద
సహకార సంఘం గొర్రెపిల్లలు అయిదు.
నాలుగు ఊపిరి తీస్తున్నాయి.
రిజిస్టర్లో గుమాస్తా ఒక్క మాటే రాశాడు:
దాచింది.
మాట తప్పు కాదు.

కోడి కనపడని ఈ ఊళ్లో
పొదిగేటప్పుడు ఒళ్లెలా వదులవుతుందో ఎవర్నడగను?
కోటు అంచు మంచుమీద పరుచుకున్న తీరు గుర్తుంది.
ఈకలు అలాగే వేశాను.
సార్నై చాలాసేపు చూసి, బాగుందంది.

సరే, బోర్డు మీది పేరు కూడా మారుద్దామన్నాను.
కుదరదంది. మొదట పెట్టిన పేరే నిలవాలట,
శాస్త్రంలో అదో రూలట.
మళ్లీ నల్లరంగు కలిపి అక్షరాలు దిద్దాను,
గుడ్లదొంగ.
'దొ' దగ్గర చెయ్యి కాస్త జారింది.

కర్ర పట్టిన మనిషిని ఇంకా తుడవలేదు.
పొద్దుపోయింది.
వాడు గుడ్లవైపే చూస్తున్నాడు.